టీవీలో ఉండిపోయిన జాబితా

ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చిన చీటీలో నా గురించి ఇలా ఉంది: మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు, ఎడమ వైపు రెండు పక్కటెముకలు విరిగాయి, నుదుటి మీద తొమ్మిది కుట్లు. ఇందులో డాక్టరు తప్పు లేదు. మేము చెప్పిందే ఆయన రాశాడు. తరువాత ఊరి పెద్దలు ఒక ఇంటి వసారాలో కూర్చుని రాయించిన రాజీ కాగితంలోనూ అదే మాట ఉంది. బండి నేను నడిపానట. వెనక కూర్చున్న పెద్దమనిషి నా అజాగ్రత్త వల్ల పడి ఒక కన్ను పోగొట్టుకున్నాడట. ఇందులో వేరెవరి ప్రమేయమూ లేదట. కింద నా సంతకం ఉంది. నలభై మంది కళ్ళారా చూసిన సంగతి నాలుగు వాక్యాల్లో మాయమైపోయింది.

ఆ రోజు బండి మీద నుంచి ఎవరూ పడలేదు. అసలు మేమిద్దరం ఒకే బండి ఎక్కలేదు. ఇప్పుడు రాయకపోతే ఇంకో పదేళ్ళకు ఆ కాగితమే నిజమైపోతుంది. నేను గ్రంథాలయంలో చదువుకున్నవాణ్ణి. కాగితం మీది మాట మనుషుల కంటే ఎక్కువ కాలం బతుకుతుందని నాకు తెలుసు. అబద్ధానికి ఒక కాగితం ఉన్నప్పుడు నిజానికీ ఒకటి ఉండాలి. చదివేవాళ్ళకు ఇందులో మిగతావాళ్ళ తప్పు కంటే నా తప్పు పెద్దదిగా కనబడితే, అది కనబడాలనే రాస్తున్నాను.

ఇంటరు తప్పిన తరువాత నా చదువంతా ఉదయగిరి శాఖా గ్రంథాలయంలోనే సాగింది. అంతకు ముందు కూడా అక్కడి పుస్తకాలు ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. ఒకసారి నేను గట్టు మీద కూర్చుని చదువుకుంటుంటే మా ఎద్దులు పక్కవాళ్ళ జొన్నలో పడ్డాయి. నాయన ములుగర్రతో వీపు మీద కొట్టాడు. పుస్తకాన్ని కాపాడుకోవాలని దాని మీద బోర్లా పడ్డాను. ముక్కు గట్టుకు కొట్టుకుని, కారిన రక్తం అట్ట మీద పడింది. మరునాడు గ్రంథాలయం పెద్దాయన ఆ మరక చూశాడు, నా ముక్కు చూశాడు, జరిమానా అడగకుండా ఇంకో పుస్తకం చేతిలో పెట్టాడు. కంప్యూటరును ముట్టుకోకముందే దాని లోపలి భాగాల పేర్లన్నీ బొమ్మలతో సహా అక్కడే నేర్చుకున్నాను. సమాచారం ఎక్కడ దాగి ఉంటుందో, తెర చేసే పని ఏమిటో, ఒక ఫైలును చెరిపినప్పుడు డిస్కు మీద నిజంగా ఏం జరుగుతుందో చదివాను. మొదటిసారి ఒక డబ్బా విప్పి చూసినప్పుడు, ముందే తెలిసిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టు అనిపించింది.

ఇప్పుడు నాకు బస్టాండు దగ్గర చిన్న షాపు ఉంది. సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేస్తాను. మా వైపు ఎవరూ విండోస్ వెయ్యమని అడగరు, కొట్టమని అడుగుతారు. కంప్యూటరు తెరను టీవీ అంటారు, సీపీయూను డబ్బా అంటారు. షాపు పెట్టిన మొదటి ఏడాది కువైట్ నుంచి వచ్చిన ఒకాయన లాప్‌టాప్ ఇచ్చి, అంతా తీసేసి కొత్తది కొట్టమన్నాడు. కొట్టాను. సాయంత్రం వచ్చి తెరిచి చూసుకున్నాడు.

"మా అమ్మ ఫోటోలేవిరా?"

"అంతా తీసెయ్యమన్నావు గదన్నా."

"అంతా అంటే మా అమ్మని గూడానా?"

టేబులు మీదున్న కీబోర్డు ఎత్తి నా మొహం మీద కొట్టాడు. పై పెదవి చీలింది. మీటలు ఊడి షాపంతా చెల్లాచెదురయ్యాయి. వారం పాటు ఊడ్చినప్పుడల్లా ఏదో ఒక అక్షరం దొరుకుతూనే ఉంది.

ఆపరేషనుకు ముందు డాక్టర్లు రోగి తాలూకు మనుషుల చేత రాయించుకుంటారని చదివి, నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొడుగాటి నోటుబుక్కు కొని, అట్ట మీద 'ఉంచవలసినవి' అని రాశాను. మిషను ఇచ్చే మనిషి ఏమేమి ఉంచాలో అందులో తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. రాయనిదానికి నా పూచీ లేదు. ఒకాయన 'నా పెండ్లి' అని మాత్రం రాశాడు. ఒకామె 'మా అత్త తిట్టిన ఆడియోలు, అన్నీ' అని రాసింది. సీతారామపురం నుంచి వచ్చిన పంతులుగారు రెండు పేజీలు నింపి, చివర 'ఇట్లు తమ విధేయుడు' అని ముగించారు. ఆ నోటుబుక్కు పెట్టాక నన్నెవరూ కొట్టలేదు. పెదవి మీది మచ్చ చూపిస్తూ ఆ పద్ధతి గురించి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రానురాను డిస్కులో ఏముందో చూడడం మానేశాను. రాసింది ఉంచేవాణ్ణి, రాయనిది తుడిచేసేవాణ్ణి.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి ఒక పల్లె ఉంది. దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలవాళ్ళు ఉంటారు. ఊరి చివర చర్చి, దాని వెనక సమాధుల దొడ్డి. పోయిన ఎండాకాలం ఆ చర్చి సెక్రటరీ తన మోపెడు వెనక సీపీయూ డబ్బాను కొబ్బరి తాడుతో కట్టుకుని నా షాపుకు వచ్చాడు. అరవై దాటిన మనిషి, మండలాఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం పాటల మాటలు గోడ మీద చూపించే కంప్యూటరది.

"నీలంగా వచ్చి నిలబడిపోతాండాది అబ్బయ్యా. పాట సగంలో ఆగితే పాస్టరుగారు నా పక్క చూసినాడు, దెయ్యాన్ని నేనే దాంట్లో పెట్టినట్టు."

"బాగా పాతదైపోయింది మామా. కొత్త విండోస్ కొట్టాల."

"కొట్టు. గట్టిగా కొట్టు. మళ్ళా నేను ఇంత దూరం రాకూడదు."

నోటుబుక్కు ముందు పెట్టాను. కళ్ళద్దాలు సర్దుకుని, ఆఫీసులో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఒకటి, పాటలు. రెండు, క్రిస్మస్ ఫోటోలు. మూడు, పాస్టరుగారి ప్రసంగాలు. సంతకం పెట్టి తేదీ వేశాడు.

"ఇంకేం లేవా మామా?"

"డబ్బాలో ఇంకేం ఉంటాయి అబ్బయ్యా? అంతే."

ఆ మూడూ వేరే డిస్కులోకి తీసి పెట్టి, మిగతాదంతా తుడిచి, కొత్తది వేశాను. తుడిచే ముందు డెస్క్‌టాప్ మీద ఏముందో చూడడానికి రెండు నిమిషాలు పట్టేది. మా వైపు అందరూ అన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటారని తెలిసీ చూడలేదు.

అయిదో రోజు పొద్దున పదింటికి సెక్రటరీ ఫోను చేశాడు.

"అబ్బయ్యా, లిస్టు కనపడలా. నువ్వు రావాల. బిన్నా రావాల, ఇప్పుడే."

వెనక ఎవరో అరుస్తున్నారు. బ్యాగులో పనిముట్లు వేసుకున్నాను, నోటుబుక్కు కూడా వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకు తెలుసు.

ఆ లిస్టు సంగతి పల్లెకు పోయాక తెలిసింది. ఆ దొడ్డిలో రాతి పలక ఉన్న సమాధులు తక్కువ, మిగతావి మట్టి దిబ్బలు. ముళ్ళ చిల్లచెట్లు కమ్ముకుని మనిషి దూరడానికి లేకుండా పోతే రెండేళ్ళ కింద జేసీబీతో పీకించారు. చెట్లతో పాటు దిబ్బలూ చదునైపోయాయి. ఎవరు ఎన్నో వరసలో, గోడ నుంచి ఎన్నో చోట ఉన్నారో చెప్పడానికి పాత రిజిస్టరు ఒక్కటే మిగిలింది. దానికీ చెదలు పట్టింది. ఉన్నంతవరకు కంప్యూటరులోకి ఎక్కించి, పొడిగా రాలిపోతున్న రిజిస్టరును పారేశారు.

ముందు రోజు ఆ పల్లెలో ఒకాయన పోయాడు. క్వారీలో రాళ్ళు కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు పాడైన మనిషి. ఇరవై ఏళ్ళ కింద వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు పాము కరిచి చనిపోయింది. తనను ఆ బిడ్డ పక్కన పెట్టమని ఆయన పోయే ముందు భార్యను అడిగాడు. ఆమెకు ఇప్పుడు అదొక్కటే కావాలి. కానీ ఆ బిడ్డ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చదునైన నేలలో ఆమెకే తెలియడం లేదు.

చనిపోయినాయన తమ్ముడు ట్రాక్టరు డ్రైవరు. ఆ పాపను చేతుల మీద ఎత్తుకొచ్చింది తనేనని, వేప చెట్టు నీడలో పెట్టిన గుర్తు తనకుందని పట్టుబట్టాడు. వేప చెట్టు కింద మొదటి వరసలో సెక్రటరీ తల్లీ తండ్రీ ఉన్నారు. లిస్టు చూసి చెప్తానన్న సెక్రటరీ కంప్యూటరు తెరిస్తే లిస్టు లేదు. ఆ కుటుంబానికి తమ వరసలో చోటు ఇవ్వడం ఇష్టం లేక తుడిపించాడని మాట పుట్టింది. నేను చేరేసరికి ఆ మాట ఊరంతా పాకింది.

చర్చి ముందు షామియానా కింద ఐసు పెట్టెలో శవం ఉంది. వేప చెట్టు కింద మోకాలి లోతు గుంట తవ్వి ఆపేశారు. తమ్ముడు గడ్డపార పట్టుకుని గుంట పక్కన నిలబడి ఉన్నాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"వచ్చినాడు తుడిచినోడు," అన్నాడు. "ఏందిరా, ఎవురు చెప్పినారు నీకు తుడవమని?"

నేను సెక్రటరీ వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా జనానికి చెప్పాడు.

"లిస్టు ఎట్టా పోతాది? అది టీవీలో గదా ఉండేది. నేను తీసకపోయింది డబ్బా ఒకటే. టీవీని కదిలించలా. ఈడనే ఉండాది. మొన్న గూడా గుడ్డతో తుడిచినా."

"అదీ సంగతి. గుడ్డతో తుడిచినాడు, పేర్లు పొయినాయి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. శవం పక్కనే ఉన్నా జనం నవ్వారు. తమ్ముడు నవ్వలేదు.

"మా అన్న పెట్టిలో ఉంటే నువ్వు టీవీ కతలు చెప్తాండావా? మీ వరసలోకి మేం రాకూడదనేగా ఈ పని చేసినావు?"

సెక్రటరీ వెనక్కి జరిగాడు. తరువాత చెయ్యెత్తి నన్ను చూపించాడు.

"లిస్టు ఉంచమనే చెప్పినా. ఈ అబ్బయ్యే తుడిచేసినాడు."

గడ్డపార మధ్య భాగం నా ఎడమ పక్క తగిలింది. మొన తగిలి ఉంటే ఇది రాయడానికి నేను ఉండను. లోపల ఏదో విరిగిన శబ్దం చెవులతో కాకుండా పళ్ళతో విన్నట్టు అనిపించింది. కింద పడ్డాను. ఎవరిదో పార అంచు నుదుటికి తగిలింది. కళ్ళలోకి రక్తం కారి వేప చెట్టు ఎర్రగా కనబడింది. చెప్పుల కాళ్ళు వీపు మీద, తొడల మీద పడుతున్నాయి. ఒకతను నా చెయ్యి తొక్కి నిలబడి, తాపీగా, "తుడిచిన చెయ్యి ఇదేనా?" అని అడిగాడు. చిన్నప్పుడు గట్టు మీద పడుకున్నట్టే బ్యాగును పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాను. అందులో నోటుబుక్కు ఉంది.

"రాసిచ్చినాడు," అని అరిచాను. "ఆయన చేత్తో రాసిచ్చినాడు. సూడండి."

దెబ్బలు ఆగాయి. చెయ్యి తొక్కినతను కాలు తీశాడు. మోకాళ్ళ మీద లేచి, పేజీ తీసి, గట్టిగా చదివాను. "ఉంచవలసినవి. ఒకటి, పాటలు. రెండు, క్రిస్మస్ ఫోటోలు. మూడు, పాస్టరుగారి ప్రసంగాలు." పేజీని అందరికీ కనబడేలా తిప్పాను. "నాలుగోది లేదు. సంతకం ఎవురిదో మీరే సూడండి."

నేను రాయవలసిన సంగతి ఇదే. టీవీ గురించి సెక్రటరీ చెప్పింది అబద్ధం కాదని ఆ నలభై మందిలో నాకొక్కడికే తెలుసు. ఏడాదికి పది మందైనా నా షాపులో అదే మాట అంటారు. తెర మీద కనబడేది తెరలోనే ఉంటుందనుకుంటారు. డబ్బా అంటే వాళ్ళకు టీవీని ఆడించే కరెంటు పెట్టె. డబ్బా నాకిచ్చి, ఫోటోలు ఇంట్లో టీవీలో భద్రంగా ఉన్నాయని ధైర్యంగా పోతారు. వాళ్ళు పోయాక నేను నవ్వుకునేవాణ్ణి. డబ్బాలో ఇంకేం ఉంటాయని ఆయన నా ముందే అన్నాడు. ఆయనకు తెలియక జరిగిందని ఒక్క మాట చెప్పాలి. నన్ను చూపించి ఆయన అబద్ధమాడాడు, నిజమే. నాకు ఊపిరి అందడం లేదు, అదీ నిజమే. కానీ మూడు వస్తువుల జాబితా చదవడానికి అందిన ఊపిరి ఆ ఒక్క మాటకు అందకపోదు.

చదివాక నేను మెదలకుండా కూర్చున్నాను.

తమ్ముడు మొదట పిడికిలితో కొట్టాడు. కళ్ళద్దాలు మొహం మీదే పగిలాయి. సెక్రటరీ రెండు చేతులతో ఎడమ కన్ను మూసుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి రక్తం, దానితో పాటు నీళ్ళలాంటిది ఏదో కారింది. గడ్డపార లేచినప్పుడు కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు ఆ చెయ్యి మోచేతి కింద వంగిపోయింది. "అబ్బయ్యా, టీవీలో ఉండాదిరా," అని ఇంకా అంటూనే ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఇంకొకడు తన్నాడు. అంతకు ముందు నన్ను తన్నిన కాళ్ళే అవి. ఆపినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, వాళ్ళూ తన్నులు తిన్నారు.

అప్పుడు చనిపోయినాయన భార్య షామియానా కింద నుంచి లేచి నడిచి వచ్చింది. ఎవరినీ బతిమాలలేదు. మోకాలి లోతు గుంటలోకి దిగి వెల్లకిలా పడుకుంది.

"పూడ్చండి."

"లెయ్యి వదినా," అన్నాడు మరిది.

"ఈడ నా బిడ్డ లేదు. ఉంటే నాకు తెలిసేది. నా బిడ్డ యాడుందో తెలిసిందాకా మీ అన్న పెట్టిలో నుంచి లేవడు, నేను దీంట్లో నుంచి లేవను."

మరిది గుంటలోకి వంగి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె పిడికెడు మట్టి తీసి అతని కళ్ళలో కొట్టింది.

"అన్నకి గుంట తవ్వరా అంటే, ఇంకొకడికి గూడా తవ్వతాండావే. నీకు ఎన్ని గుంటలు కావాల్రా?"

గడ్డపార కింద పడింది. సెక్రటరీని ఆటోలో ఎక్కించారు. ఆత్మకూరులో కట్టు కట్టి, అక్కడి నుంచి నెల్లూరు పంపించారని తరువాత విన్నాను. ఆమె గుంటలో పడుకునే నన్ను పిలిచింది.

"నాయనా, తుడిచింది మళ్ళా వస్తాదా?"

"రావచ్చమ్మా. కొంచెం రావచ్చు." తుడిచినప్పుడు ముందు పోయేది చిరునామా మాత్రమేనని, దాని మీద కొత్తది వచ్చి కూర్చునేదాకా అసలుది అక్కడే పడి ఉంటుందని పుస్తకంలో చదివాను. కొత్త విండోస్ ఎంత మేర కూర్చుందో చెప్పలేను. "మిషన్ను ఇంక ఎవురూ ముట్టుకోకుండా ఉంటే."

"ఐసు పెట్టి రేపు మద్దేనం దాకా ఉంటాది. పో."

నా వెంట మరిది వచ్చాడు. లిస్టు దొరికేదాకా నన్ను వదలనన్నాడు. బండి అతను నడిపాడు. నేను వెనక కూర్చుని, సీపీయూ డబ్బాను ఇద్దరి మధ్యా పెట్టుకున్నాను. గుంతలో పడ్డప్పుడల్లా డబ్బా మూల నా విరిగిన పక్కటెముకలకు గుచ్చుకుంది. ఆసుపత్రి ముందు ఆపి, అతను తల తిప్పకుండా అడిగాడు.

"డాక్టరు అడిగితే ఏం చెప్తావు?"

"బండి మీద నుంచి పడ్డానని చెప్తా."

"ఆ."

ఆ అబద్ధం అక్కడ పుట్టింది. పెద్దలు దాన్ని తరువాత సాగదీశారు, అంతే.

నుదుటికి కుట్లు, పక్కలకు పట్టీ వేయించుకుని, మధ్యాహ్నం రెండింటికి ఆత్మకూరులో నాకు తెలిసిన డీటీపీ సెంటరుకు పోయాము. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు కంపోజు చేసే ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి కుర్చీ లాగింది. "ఏందన్నా ఇది?" అంది. నేను మాట్లాడేలోగా మరిది, "బండి మీద నుంచి పడినాడు," అన్నాడు. ఆమె అతని చొక్కా మీది రక్తం చూసి ఇంకేమీ అడగలేదు.

చర్చి డిస్కును ఊడదీసి ఆమె మిషనుకు తగిలించాను. అలా చేస్తే ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయబడదు. వెతికే ప్రోగ్రాము మూడు గంటలు నడిచింది. మరిది గోడకు ఆనుకుని కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాడు. చివరకు పేర్లు లేని ఫైళ్ళు రెండు వందలకు పైగా వచ్చాయి. ఒక్కొక్కటే తెరిచాను. పాత పాటలు, ఉత్తరాలు, ఖాళీ పేజీలు. ఒకటి తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ ప్రశ్న గుర్తులూ కలగాపులగంగా వరసలు వరసలుగా ఉన్నాయి. పనికిరాదని మూసెయ్యబోయాను.

మరిది లేచి వెనక నుంచి నా మెడ పట్టుకున్నాడు. బొటన వేలు గొంతు ముడి మీద ఉంది.

"ఇంగ్లీషులోకి మార్చినావా? మాకు తెలవకూడదని మార్చినావా?"

"వదలయ్యా," అంది ఆమె, కత్తెర చేతిలోకి తీసుకుని. "అది ఇంగ్లీషు గాదు. మా పాత ఫాంటులో కొట్టిన తెలుగు. ఆ అక్షరాల అచ్చు పెట్టకపోతే అట్టనే కనపడతాది. తుడిచినప్పుడు ఏ ఫాంటో చెప్పే గుర్తు ఫైల్లో నుంచి పోయుంటాది. వదులు, చూపిస్తా."

అతను వదిలాడు. ఆమె ఫాంటు మార్చి మీట నొక్కింది. పిచ్చి గీతలన్నీ ఒక్కసారిగా తెలుగైపోయాయి. వరస, గోడ నుంచి సంఖ్య, పేరు, వయసు. కింది పేజీలు సగానికి పైగా చెడిపోయి ఉన్నాయి. పైవి బాగున్నాయి. ఆమె వేలితో దిగుతూ పైకి చదివింది. అయిదో వరస, గోడ నుంచి పన్నెండు, ఆ పాప పేరు, తొమ్మిదేళ్ళు, పాము కాటు. పదమూడు ఖాళీ. మొదటి వరస మొత్తం సెక్రటరీ వంశం వాళ్ళ పేర్లే. వేప చెట్టుకూ ఆ పాపకూ సంబంధమే లేదు.

మరిది ముందుకు వచ్చి ఆ పేరు మీద వేలు పెట్టాడు. తరువాత తెరకు అటూ ఇటూ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ టీవీ ఆపొద్దు," అన్నాడు. "ఆపితే మళ్ళా పోతాది. నేను ఆటో తెస్తా. వైరు పీక్కండా ఎత్తకపోదాం."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "టీవీ ఎందుకయ్యా? అది ఉండేది డబ్బాలో. టీవీలో ఏం ఉంటాది?"

అతను చేతులు తియ్యలేదు. డబ్బా వైపు చూశాడు, తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. పొద్దున సెక్రటరీ ఏ మాట అంటుంటే తన్నాడో ఆ మాట అతనికి అప్పుడు వినబడిందని నాకు అర్థమైంది.

"నీకు తెలుసా?" అని అడిగాడు. "ఆయన నిజంగా అట్టనే అనుకున్నాడని తెలుసా నీకు?"

"తెలుసు."

నన్ను మళ్ళీ కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. అతను కింద కూర్చుని, చొక్కా మీద ఎండిన రక్తాన్ని గోటితో గీకుతూ ఉండిపోయాడు. ఆమె లిస్టు ప్రింటు తీసి ఇచ్చింది.

మరునాడు పొద్దున అయిదో వరసలో గోడ నుంచి పదమూడో చోట గుంట తీశారు. మరిది ఒక్కడే తవ్వాడు, పార ఇంకెవరికీ ఇవ్వలేదు. అక్కడ నేల గట్టిది. చేతులు బొబ్బలెక్కి, చిట్లి, గడ్డపార జారిపోతున్నా ఆపలేదు. గుంట అయ్యాక వదిన పన్నెండో చోట కూర్చుని అరచేత్తో నేలను రెండు మూడు సార్లు నిమిరింది. ఆయన్ని దించారు. సెక్రటరీ చదవవలసిన బైబిలు వాక్యం పాస్టరుగారే చదివారు. సెక్రటరీకి ఆ సమయంలో నెల్లూరులో కన్ను తీస్తున్నారు.

రాజీ కాగితం మీద ఆయన కూడా సంతకం పెట్టాడు, ఎడమ చేత్తో. కాగితం కింద పెట్టుకోమని నేనిచ్చిన అట్ట ఆ నోటుబుక్కుదే. వేరే ఏదీ దగ్గర లేదు.

ఇలాంటి రాత చివర సాయపడినవాళ్ళను పేర్లతో తలచుకోవాలని ఉంటుంది. పేర్లు రాస్తే గడ్డపారలు మళ్ళీ లేస్తాయి. అందుకని వాళ్ళు చేసిన పనితోనే పిలుస్తాను, ఎవరికి వాళ్ళకు తెలుస్తుంది. రక్తం మరకకు జరిమానా వెయ్యని గ్రంథాలయం పెద్దాయనకు నా నమస్కారం. కత్తెర పట్టుకుని నా మెడ విడిపించిన ఆత్మకూరు చెల్లెలికి. జనాన్ని ఆపబోయి తన్నులు తిన్న ఆ ఇద్దరు ముగ్గురికి. గుంటలో పడుకుని రెండో చావును ఆపిన ఆ తల్లికి. ఆమె మరిదికి కూడా. ఆ రోజు నన్ను అడగవలసిన ప్రశ్న అడిగింది అతనొక్కడే.

చివరగా సెక్రటరీకి. క్రిస్మస్‌కు ముందు ఆయన మళ్ళీ షాపుకు వచ్చాడు. ఈసారి ఆటోలో. వంకరగా అతుక్కున్న చేత్తో డబ్బాను, బాగున్న చేత్తో టీవీని పట్టుకుని మెట్లు ఎక్కాడు. రెండూ నా టేబులు మీద పెట్టి, ఒంటి కంటితో నన్ను చూశాడు.

"టీవీ గూడా తెచ్చినా అబ్బయ్యా. ఎందులో ఏముందో నువ్వే చూసుకో."

నేను నోటుబుక్కు తియ్యలేదు. డిస్కులో ఉన్న ప్రతి ఫైలూ ఆయన పక్కన కూర్చుని తెరిచి చూపించి, ఉంచాలా వద్దా అని అడిగాను. సాయంత్రమైంది. టీవీ మాట ఆయన నమ్మే అన్నాడని నాకు ముందే తెలుసన్న సంగతి మాత్రం ఆ రోజు చెప్పలేకపోయాను. చిన్న అక్షరాలు ఆయనకు ఇప్పుడు కనబడవు. ఈ రాత పూర్తయింది కాబట్టి రేపు ఆ పల్లెకు పోయి, ఆయన ముందు కూర్చుని, ఆ నోటుబుక్కు పేజీ చదివినంత గట్టిగా దీన్నీ చదువుతాను.